పాత వింటర్ టైర్లు ఇంకో చలికాలం నడుస్తాయా: స్టుట్‌గార్ట్ టైర్ల డైరీ

అక్టోబర్ మొదటి వారం

సెకండ్ హ్యాండ్‌లో కొన్న గోల్ఫ్ కారుతో పాటు వచ్చిన వింటర్ టైర్లు సెల్లార్‌లో ఉన్నాయి. ఇవాళ బయటికి తీసి, కడిగి, గోడకు ఆనించి కూర్చుని చూశాను. సైజు 205/55 ఆర్16, 91హెచ్. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, ఒక్కో టైరు మోయగలిగేది 615 కిలోలు, వేగం గంటకు 210 కిలోమీటర్ల వరకు. టైరు పక్కన అచ్చుపోసి ఉండే డాట్ అంకెల్లో చివరి నాలుగు 3917, అంటే 2017లో 39వ వారం సరుకు. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న బొమ్మ కూడా పక్కనే ఉంది. జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి మంచు రోడ్డు మీద ఈ బొమ్మ ఉన్న టైర్లే చెల్లుతాయి, ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని మాత్రమే రాసున్న పాత సరుకు చెల్లదు. దొరికితే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు.

గేజ్ పెట్టి చూస్తే గాడుల లోతు నాలుగున్నర మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంది. కొత్తప్పుడు ఎనిమిది దాకా ఉండి ఉంటుంది. చట్టం అడిగేది 1.6 మాత్రమే. ఇక్కడి ఆటోమొబైల్ క్లబ్ ఏడీఏసీ మాత్రం వింటర్ టైరుకి 4 అయినా ఉండాలంటుంది. పక్కనున్న ఆస్ట్రియాలో 4 కంటే తగ్గితే ఆ టైరుని అసలు వింటర్ టైరుగానే లెక్కించరు. రెండు యూరోల నాణెం గాడిలో నిలబెడితే దాని వెండి అంచు మునగాలన్నది ఇక్కడివాళ్ల చిట్కా. మునిగింది, కానీ అంతంతమాత్రంగా.

మన దగ్గర అయితే ఈ టైరుని చూసి "ఇంకా బటన్లు ఉన్నాయి కదా, రెండేళ్లు తిప్పొచ్చు" అంటారు. గుండు అయ్యేదాకా తిప్పడం, ఆ తర్వాత రీట్రెడ్ సంగతి ఆలోచించడం మనకు అలవాటు. ఇక్కడ ఆఫీసులో ఎవరిని అడిగినా "మార్చెయ్" అంటున్నారు. ఎందుకు అంటే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. అందుకే కొలిచి చూద్దామనిపించింది.

అక్టోబర్ మధ్య

నాతో పాటు కిరణ్ కలిశాడు. వాడిది వరంగల్. కిర్ష్‌హైమ్‌లో ఉంటాడు, ఉద్యోగం ఊల్మ్‌లో. వాడిదీ అదే తరం గోల్ఫ్, టైరు సైజూ అదే, కానీ వాడు ఏడాదంతా ఒకే సెట్, ఆల్ సీజన్ వేసుకుని తిరుగుతాడు. అంటే రిమ్ముతో సహా వాడి చక్రాలు నా కారుకి ఎక్కించొచ్చు. నేను కొత్త వింటర్ సెట్ ఒకటి ఆర్డర్ పెట్టాను, ఎలాగూ ఏదో ఒకరోజు కొనాల్సిందే. నా సమ్మర్ సెట్ ఉండనే ఉంది. మొత్తం నాలుగు సెట్లు: సమ్మర్, ఆల్ సీజన్, పాత వింటర్, కొత్త వింటర్. కారు మాత్రం ఒక్కటే, నాది. డ్రైవరూ నేనే.

కంపెనీల పేర్లు ఇక్కడ రాయను. ఒక్కో రకానికి ఒక్క సెట్ మాత్రమే ఉన్నప్పుడు దాన్ని బట్టి కంపెనీల మీద తీర్పు చెప్పడం దండగ. ఆ పని ఏడీఏసీ, స్విట్జర్లాండ్ మోటారు క్లబ్ టీసీఎస్ లాంటి సంస్థలు పెద్ద ఎత్తున చేస్తున్నాయి. 2023 నుంచి ఏడీఏసీ మార్కుల్లో 70 శాతం భద్రతకు, 30 శాతం పర్యావరణానికి ఇస్తోంది. నా ప్రశ్న వేరు. లోతు తగ్గుతున్నకొద్దీ టైరు ఎక్కడ చేతులెత్తేస్తుంది? వానలోనా, మంచులోనా?

కొలిచేది ఎలా?

దీని మీద చాలా సాయంత్రాలు పోయాయి. ఫోన్ జీపీఎస్ పనికిరాదు. మామూలు ఫోన్ సెకనుకి ఒక్కసారి స్థానం చెప్తుంది. గంటకు 50 కి.మీ. వేగంలో కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద ఆ వేగంలో బ్రేక్ కొడితే కారు ఆగే దూరమే అంతకంటే తక్కువ. అంటే జీపీఎస్ రెండుసార్లు కళ్లార్పి తెరిచేలోపు కారు ఆగిపోతుంది.

ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ నయం, సెకనుకి వంద రీడింగులు తేలిగ్గా ఇస్తుంది. ఆఖెన్ యూనివర్సిటీవాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ పెట్టాను. ఫోన్‌ని డాష్‌బోర్డు మీద జిగురు ప్యాడ్ వేసి, రెండు వైపులా టేపు కొట్టి కదలకుండా బిగించాలి. హోల్డర్‌లో పెడితే హోల్డర్ ఊగుడంతా లెక్కలోకి వచ్చేస్తుంది. బ్రేక్ గట్టిగా పట్టిన సమయంలో వేగం సెకనుకి ఎంత తగ్గిందో సగటు తీస్తే ఆగే దూరం లెక్క తేలిపోతుంది: వేగం వర్గాన్ని ఆ సగటుకి రెట్టింపుతో భాగించాలి.

ఈ వర్గమే అసలు తలనొప్పి. ఒకసారి 50లో, ఇంకోసారి 52లో బ్రేక్ కొడితే దూరం 8 శాతం పెరుగుతుంది, టైరు తప్పేమీ లేకుండానే. పైగా స్పీడోమీటర్ ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. నిజం కంటే తక్కువ చూపించకూడదని నిబంధన కాబట్టి కంపెనీలు ఆ జాగ్రత్త తీసుకుంటాయి. అందుకే స్థిరమైన వేగంలో జీపీఎస్‌తో సరిచూసుకుని, ముల్లు ఎక్కడుంటే నిజంగా 50 అవుతుందో రాసిపెట్టుకున్నాను.

నేల మారడం ఇంకో చిక్కు. పదిసార్లు బ్రేక్ కొడితే మంచు అణిగి నున్నబడుతుంది. తర్వాత వచ్చే టైరుకి అది అన్యాయం. దీనికి టెస్ట్ డ్రైవర్లు వాడే పద్ధతి తేలికైనదే. ఒక సెట్‌ని కొలబద్దగా పెట్టుకుని, మొదట దానితో, మధ్యలో మిగతావాటితో, చివర మళ్లీ దానితోనే పరీక్షించాలి. మొదటికీ చివరికీ తేడా వస్తే అది నేల తేడా, మధ్య అంకెల్ని ఆ మేరకు సరిచెయ్యాలి. నా కొలబద్ద కొత్త వింటర్ సెట్.

నవంబర్, తడి

ఒక డ్రైవింగ్ భద్రతా శిక్షణ మైదానంలో చోటు దొరికింది. నీళ్లు చల్లే తారు ట్రాకు, దాని పక్కనే పొడి ట్రాకు. ఉదయం ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలు. కిరణ్ ఫోల్డింగ్ కుర్చీ, ఫ్లాస్కు నిండా అల్లం టీ తెచ్చుకుని కూర్చున్నాడు. మధ్యమధ్యలో జాకీ పని ఇద్దరిదీ.

వేగం 80. కొత్త వింటర్ దాదాపు 35 మీటర్లలో ఆగింది. ఆల్ సీజన్ దానికి అర మీటరు తేడాలోనే ఉంది, ఈ పద్ధతిలో అంత చిన్న తేడాని తేడా అనలేం. సమ్మర్ 31 దగ్గర ఆగింది. పాత వింటర్ 42 దాటిపోయింది.

కిరణ్ అంకెలు చూసి, "అన్నా, సమ్మర్ ఫస్ట్ వచ్చిందేంది? ఏడు డిగ్రీల కిందికి పోతే సమ్మర్ టైరు రాయైతదంటరు గద?" అన్నాడు. అందరూ చెప్పే ఆ ఏడు డిగ్రీల గీత అంత కచ్చితమైనదేమీ కాదు. చలికి సమ్మర్ రబ్బరు గట్టిపడే మాట నిజమే, కానీ ఏడు దగ్గర గేటు వేసినట్టు పట్టు పోదు. మంచు లేని చోట, సున్నాకి పైన, మంచి సమ్మర్ టైరు తడి మీదా పొడి మీదా వింటర్ కంటే ముందే ఆగడం మామూలే. వింటర్ కావాల్సింది మంచు, బురద మంచు, గడ్డకట్టే చలి కోసం. ఆ సంగతి అంతవరకే.

నన్ను ఆపేసింది మాత్రం పాత వింటర్ అంకె. కొత్త వింటర్ కారు ఆగిపోయిన చోటికి పాత వింటర్ కారు వచ్చేసరికి ఇంకా గంటకు 33 కి.మీ. వేగంలో ఉంటుంది. ఎదురుగా ఆగిన కారు ఉంటే ఆ 33తో వెళ్లి గుద్దుకోవడమే. ఇది నాలుగున్నర మిల్లీమీటర్ల లోతు ఉన్న, చట్టప్రకారం ఏ లోపమూ లేని టైరు.

కారణం మోకాళ్ల మీద కూర్చుని చూస్తే అర్థమైంది. ఒక్కసారి లెక్క వేసుకుందాం. రోడ్డు మీద 3 మి.మీ. నీళ్లు, టైరు వెడల్పు 205 మి.మీ., వేగం 80. ముందు టైరు ఒక్కొక్కటీ సెకనుకి 13 లీటర్లకు పైగా నీళ్లని దారిలోంచి తప్పించాలి. ప్రతి సెకనుకీ ఓ బిందెడు. ఆ నీళ్లు పోయే దారి గాడులే. లోతు సగానికి దగ్గరైతే దారీ సగమే. దానికి తోడు రబ్బరు వయసు. పాత టైరు బటన్ మీద గోరు గుచ్చితే కొత్తదానిలో దిగినట్టు దిగలేదు. ఇంకొకటి కూడా కనిపించింది. బటన్ల మీద ఉండే సన్నని వంకర చీలికలు, ఇక్కడి మెకానిక్కులు లామెల్లెన్ అంటారు, కొన్ని బటన్లలో సగం లోతుకే ఆగిపోయాయి. కొత్త టైరులో చీలిక బాగా లోపలికి దిగుతుంది. పాతదానిలో పైభాగం అరిగిపోయి, మిగిలిన చీలిక గీత గీసినట్టుంది. చెయ్యి పెట్టి బటన్‌ని పక్కకి నొక్కితే కొత్తది ఆకుల కట్టలా విడిపోతుంది, పాతది ఒక్క ముద్దలా ఉంటుంది.

పొడి, అదే రోజు మధ్యాహ్నం

ఇక్కడ వింటర్ల వరస తలకిందులైంది. 80 నుంచి సమ్మర్ దాదాపు 26 మీటర్లు. ఆల్ సీజన్, పాత వింటర్ 29 దగ్గర. అన్నిటికంటే వెనక కొత్త వింటర్, 30 మీటర్లు.

పాత టైరు కొత్తదాన్ని పొడి మీద ఓడించడంలో వింతేమీ లేదు. ఎత్తుగా, మెత్తగా, చీలికలతో ఉన్న బటన్ గట్టి బ్రేక్ పడితే వంగుతుంది, వంగినంతసేపూ రోడ్డుని పూర్తిగా తాకదు. అరిగిన బటన్ పొట్టిది, వంగదు. స్టీరింగ్‌లో కూడా తెలిసింది. కోన్ల మధ్య తిప్పుతుంటే కొత్త వింటర్ అర క్షణం ఆలస్యంగా మాట వింటోంది. పాతదానికి ఆ బద్ధకం లేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రోజూ పొడి రోడ్డు మీద నడిపేవాడికి అరిగిన వింటర్ టైరు బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది. పట్టు పోయిందన్న కబురు మొదటి వాన పడేదాకా చెవిన పడదు.

డిసెంబర్

స్టుట్‌గార్ట్ గిన్నెలాంటి లోయలో ఉంది, మంచు పడినా మధ్యాహ్నానికి కరిగి నీళ్లయిపోతుంది. మంచు కావాలంటే స్వేబిషె ఆల్ప్ ఎక్కాలి. ఆ పీఠభూమి 700, 800 మీటర్ల ఎత్తు. దాని కిందున్న బాడ్ ఊరఖ్ దగ్గర వాన పడుతుంటే బీ28 రోడ్డు మీద పైకి ఎక్కేసరికి అదే మబ్బు మంచు కురుస్తూ ఉంటుంది. అరగంట ప్రయాణంలో రెండు రుతువులు.

స్థలం కోసం చాలా తిరిగాం. ఖాళీ సూపర్‌మార్కెట్ పార్కింగు చూసి చెయ్యి దురద పెడుతుంది కానీ కూడదు. ఎవరైనా వచ్చిపోయే స్థలం సొంతదైనా సరే, జర్మనీ చట్టం దృష్టిలో రోడ్డు కిందే లెక్క. అక్కడ మంచులో సమ్మర్ టైర్లతో కనిపిస్తే జరిమానాయే. చివరికి పీఠభూమి మీద ఒక రైతు ఒప్పుకున్నాడు. ట్రాక్టర్లు తిప్పుకునే పొడవాటి ఆవరణ, చుట్టూ కంచె, గేటుకి తాళం. "గోడకి మాత్రం దూరంగా ఉండండి, మిగతాది మీ ఇష్టం" అన్నాడాయన. వాళ్లావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఉష్ణోగ్రత మైనస్ 5. రాత్రి పడ్డ మంచుని ఆయన ట్రాక్టర్‌తో నాలుగుసార్లు తొక్కించి చదును చేసి పెట్టాడు. నేను కొత్త వింటర్లతో వచ్చాను, సీట్లు మడిచి వెనకాల సమ్మర్ సెట్. కిరణ్ కారులో పాత వింటర్లు, వాడి ఆల్ సీజన్ వాడి కారు కిందే.

జాకీ పని గురించి కొంచెం రాయాలి, ఎందుకంటే ఆ రోజు సగం సమయం దానికే పోయింది. మంచు మీద జాకీ నేరుగా పెడితే జారుతుంది, కింద చెక్క పలక వెయ్యాలి. గోల్ఫ్‌కి నట్లు కాదు, బోల్టులు. చక్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రంధ్రం సరిగ్గా కలిపి బోల్టు దూర్చాలి. గ్లవ్స్ వేసుకుంటే బోల్టు అందదు, తీసేస్తే వేళ్లు పనిచెయ్యవు. రిమ్ముకీ హబ్‌కీ మధ్య మంచు ముక్క ఇరుక్కుంటే బోల్టు బిగిసినట్టే ఉంటుంది, అది కరిగాక వదులైపోతుంది. అందుకే ప్రతిసారీ వైరు బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచి ఎక్కించాం. నక్షత్రం వరసలో బిగించి, చివర టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లు. 50 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టాలి.

గాలి కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే టైరులో గాలి దాదాపు 0.1 బార్ తగ్గుతుంది. వెచ్చటి సెల్లార్‌లో కొట్టిన గాలి ఇక్కడికి వచ్చేసరికి 0.2 పైనే తక్కువ చూపించింది. అన్నిటినీ అక్కడే సమానం చేశాం, లేదంటే పోలికకి అర్థం లేదు.

వేగం 30 మాత్రమే, ఆవరణ అంతకంటే ఒప్పుకోదు. కొత్త వింటర్ పదకొండున్నర మీటర్లు. ఆల్ సీజన్ పదమూడున్నర. పాత వింటర్ 15. సమ్మర్ 25, అది కూడా ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటూ, కారు కాస్త పక్కకి తిరుగుతూ.

కిటికీ దగ్గరున్న ఆవిడ సమ్మర్ వంతు వచ్చినప్పుడు బయటికే వచ్చేసింది.

ఇదే లెక్క 50 వేగానికి పెంచితే కొత్త వింటర్ 32 మీటర్లు, సమ్మర్ 70కి దగ్గర. మొదటిది ఆగిన చోట రెండోది ఇంకా 37 వేగంలో ఉంటుంది. మంచులో సమ్మర్ గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

ఆసక్తికరమైన భాగం పాత వింటర్. కొత్తదానితో పోలిస్తే మంచు మీద దాదాపు నాలుగింట మూడు వంతుల పట్టు మిగిలింది. నేను ఇంకా ఘోరంగా ఉంటుందనుకున్నాను. ఎందుకు నిలబడిందంటే, మంచు మీద పట్టు చాలావరకు మంచు వల్లే వస్తుంది. గాడుల్లోకి, చీలికల్లోకి మంచు దూరి గట్టిపడుతుంది, ఆ మంచు నేల మీది మంచుని పట్టుకుంటుంది. పరుగు ఆగిన వెంటనే టైరు చూస్తే కొత్తదాని గాడులన్నీ తెల్లగా నిండి ఉన్నాయి. పాతదానివి కూడా నిండాయి, పల్చగా. సమ్మర్ టైరు మాత్రం నల్లగా, తడిగా, శుభ్రంగా ఉంది.

వంపులో, ఎత్తు ఎక్కడంలో కూడా అదే వరస. ఆవరణ వెనక చిన్న ఎత్తు ఉంది. కొత్త వింటర్, ఆల్ సీజన్ సాఫీగా ఎక్కాయి. పాతది తడబడి ఎక్కింది. సమ్మర్‌తో మొదలే పెట్టలేదు, రైతు వద్దన్నాడు.

జనవరి, ఐస్

దీని మీద కొలతలు లేవు, ఒక్క పరిశీలన. గోడ నీడన కరిగిన నీళ్లు రాత్రికి గట్టి ఐస్ పలకయ్యాయి. దాని మీద నడిచే వేగంలో బ్రేక్ కొట్టి చూస్తే నాలుగు సెట్లకీ తేడా పెద్దగా చెప్పలేకపోయాను, అన్నీ జారాయి. స్వీడన్, ఫిన్లాండ్ వైపు వాడే మెత్తటి నార్డిక్ టైర్లు ఇలాంటి చోట మెరుగు, మేకులు కొట్టిన టైర్లు ఇంకా మెరుగు. కానీ జర్మనీ రోడ్ల మీద మేకుల టైర్లు నిషేధం, నార్డిక్ మెత్తటి రబ్బరు మా వాన రోడ్ల మీద బాగా వెనకబడుతుంది. వాన పడుతూనే గడ్డకట్టే రోజున కారు తియ్యకపోవడమే మేలు.

జనవరి చివర, ఎవరికి ఏది?

టైరు కొనేటప్పుడు అంటించి ఉండే యూరప్ లేబుల్ మళ్లీ చదివాను. 2021 మే నుంచి వస్తున్న కొత్త లేబుల్‌లో తడి పట్టుకి ఏ నుంచి ఈ దాకా గ్రేడు ఉంది. మంచుకి మాత్రం గ్రేడు లేదు, కొండ బొమ్మ ఉందా లేదా అంతే. ఇంకొక లోటు: ఆ గ్రేడు కొత్త టైరుకి ఇచ్చింది. నా పాత సెట్ కొన్నప్పుడు ఏ గ్రేడులో ఉన్నా ఇవాళ నవంబర్ ట్రాకు మీద దాని సంగతి వేరే. 2024 జులై నుంచి యూరప్‌లో కొత్తగా ఆమోదం పొందే కారు టైర్లకు అరిగిన స్థితిలోనూ తడి పట్టు పరీక్ష పెట్టారు. ఆ నిబంధన ఎందుకొచ్చిందో పాత సెట్‌తో బ్రేక్ కొట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

కిరణ్ వాదన ఇది: "అన్నా, ఆల్ సీజన్ వానల నీ కొత్త వింటర్‌తోని సమానంగనే ఉంది గద. మరి నేనెందుకు రెండు సెట్లు కొనాలె?" వాడు స్టుట్‌గార్ట్‌లో ఉండి ఎస్‌బాన్ లోకల్ రైలు ఎక్కి ఆఫీసుకి వెళ్లేవాడైతే నేనూ అదే అనేవాణ్ణి. కానీ వాడి దారి ఏ8 హైవే మీద ఆల్ప్ ఎక్కి ఊల్మ్‌లో దిగడం. తెల్లవారుజామున ఆ ఎత్తు మీద మంచు పడితే లారీలు అడ్డం తిరిగి నిలిచిపోవడం ప్రతి చలికాలం వినే వార్తే. మంచు మీద కొత్త వింటర్‌కీ ఆల్ సీజన్‌కీ 30 వేగంలో ఉన్న రెండు మీటర్ల తేడా, 50కి వచ్చేసరికి అయిదు మీటర్లు దాటుతుంది. ఒక కారు పొడవు కంటే ఎక్కువ. వాడికి వింటర్ సెట్ కావాల్సిందే అన్నాను. రెండు రోజులు లెక్కలేసుకుని, మెత్తబడ్డాడు. ఆల్ సీజన్‌ని వేసవి కోసం ఉంచుకుని వింటర్ ఆర్డర్ పెట్టాడు.

నాది వేరే కథ. నేను తిరిగేది బోబ్లింగెన్ దాకా, ఆల్ప్ ఎక్కే పని లేదు. నవంబర్ నుంచి మార్చి దాకా నా టైరు కింద ఉండేది ఎక్కువగా తడి తారు. మంచు అతిథి. కాబట్టి నేను టెస్టు రిపోర్టు చదివేటప్పుడు మొదట చూసే గడి తడి బ్రేకింగ్, తర్వాత మంచు, ఆ తర్వాత అరుగుదల. పొడి అంకె చివర. ఇదే వరస ఆల్ప్స్ కొండల్లోని ఓబర్‌స్ట్‌డోర్ఫ్‌లో ఉండేవాడికి పనికిరాదు, వాడు మంచుని ముందు పెట్టుకోవాలి.

పాత సెట్‌ని అమ్మకానికి పెట్టమని ఒకరిద్దరు అన్నారు. లోతు రాసి పెడితే కొనేవాళ్లు ఉంటారు, చట్టం అడ్డు చెప్పదు. నేను పెట్టలేదు. రీసైక్లింగ్ యార్డుకి తీసుకెళ్లి, టైరుకి ఇంతని రుసుము కట్టి ఇచ్చేశాను, రిమ్ములు మాత్రం ఉంచుకున్నాను.

తర్వాతి పని

కొత్త సెట్ లోతుని ఈస్టర్‌కి విప్పేటప్పుడు టైరుకి మూడు చోట్ల కొలిచి సుద్దతో లోపలి వైపు రాస్తాను. ఎఫ్ఎల్ (ముందు ఎడమ), ఎఫ్ఆర్ (ముందు కుడి) అని స్థానం కూడా. ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి అవే ముందు అరుగుతాయి, వచ్చే ఏడాది వెనకవాటితో మార్చాలి. లోతు 6 దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి, 5 దగ్గర ఇంకోసారి అదే తడి ట్రాకు మీద బ్రేక్ కొట్టి చూడాలని ఉంది. పట్టు మెల్లమెల్లగా జారుతుందా, ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా పడిపోతుందా అన్నది ఈ రెండు సెట్లతో తేలలేదు. కిరణ్ సెట్ వాడి దారిలో నా దానికంటే త్వరగా అరుగుతుంది, ముందు దాన్నే ట్రాకు మీదికి తీసుకెళ్తాం.